తొమ్మిది కంప్యూటర్లు, 144 కనెక్షన్లు: ఆదోని మిల్లులో నా అనుభవం

నిన్న మధ్యాహ్నం వరకు ఆదోనిలోని ఆ జిన్నింగ్ మిల్లు గేటు దాటాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. మూడేళ్లుగా అక్కడి కంప్యూటర్లను చూసుకుంటున్నది నేనే. ఆఫీసులో నాలుగు, గోడౌనులో మూడు, గేటు దగ్గర ఒకటి, కాటా గదిలో ఒకటి, మొత్తం తొమ్మిది. వీటన్నిటికీ కలిపి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఒక సర్వర్, అందులో మిల్లు లెక్కలన్నీ దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. సర్వర్‌కూ ఆఫీసులోని నాలుగింటికీ ఇన్వర్టర్ ఉంది. మిగిలిన ఐదింటి యూపీఎస్ బ్యాటరీలు చచ్చి రెండు సీజన్లయింది. ఆ సంగతి నేను చెప్పడమూ, సావుకారు "చూద్దాంలేప్పా" అనడమూ ఆనవాయితీగా సాగుతోంది.

పత్తి బండ్లు జోరుగా దిగుతున్న రోజుల్లో కాటా గది కంప్యూటర్ "టూ మెనీ కనెక్షన్స్" (డేటాబేసుకు కనెక్షన్లు మరీ ఎక్కువయ్యాయి) అంటూ మొరాయించసాగింది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే వెంటనే సర్దుకునేది. సాఫ్ట్‌వేరు అమ్మినవారు ఫోనులో చెప్పిన వైద్యమూ అదొక్కటే. పది రోజులు అలాగే నెట్టుకొచ్చాం. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ జబ్బుతోపాటు దాని ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతున్నాయని నాకు పదకొండో రోజున గానీ తట్టలేదు.

ఆ రోజు ట్రాక్టర్లు కాటా దగ్గర నుంచి రోడ్డు దాకా నిలిచిపోయాయి. ఈసారి రీస్టార్ట్ చేయనని పట్టుబట్టి, సావుకారు నా వెనుక నిలబడి చూస్తుండగా సర్వర్ ముందు కూర్చున్నాను. ఎస్‌ఎస్ అనేది సర్వర్‌కు ఉన్న కనెక్షన్ల జాబితా చూపే కమాండు. కంప్యూటర్ల అడ్రసుల్లో పాత రకమైన ఐపీ నాలుగో వెర్షను కనెక్షన్లు మాత్రమే కనబడేలా దానికి నాలుగు అంకెను జతచేసి, మైఎస్‌క్యూఎల్ వినే ద్వారమైన 3306 పోర్టును వెతికాను. జాబితా ఖాళీగా వచ్చింది. పక్క గదిలో ప్రింటరు బిల్లులు కక్కుతూనే ఉంది. కనెక్షనే లేకుండా ఆ బిల్లులు ఎలా వస్తున్నాయో నాకు అంతుపట్టలేదు. అసలు విషయం తరువాత తెలిసింది: డేటాబేసు కొత్త రకమైన ఐపీ ఆరో వెర్షను సాకెట్ (కనెక్షన్ వచ్చి కలిసే చోటు) మీద వింటూ, దాని ద్వారానే నాలుగో వెర్షను అడ్రసులున్న కంప్యూటర్లను కూడా చేర్చుకుంటోంది కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ వాటన్నిటినీ ఆరో వెర్షను ఖాతాలోనే రాస్తుంది. నాలుగు అని అడిగితే లేవంటుంది. అది అబద్ధం చెప్పడం లేదు, నేను అడిగిన తీరే తప్పు.

ఆ అంకె తీసేసి మళ్లీ అడిగేసరికి 144 వరుసలు వచ్చాయి, అన్నిటి ఎదుటా "ఎస్టాబ్లిష్డ్" అనే ఉంది. సావుకారు కళ్లద్దాలు సర్దుకుని, "తొమ్మిదింటికి నూట నలభై నాలుగా? ఎవురప్పా వీళ్లంతా?" అన్నాడు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. బయటివాళ్లెవరో జొరబడ్డారని, ఎవరి ఫోను ద్వారానో వచ్చి ఉంటారని అనేశాను. వైఫై పాస్‌వర్డ్ మార్చాను. అంతటితో ఆగినా బాగుండేది. కాటా గది అబ్బాయి ఎప్పుడూ ఫోను చూస్తుంటాడని కూడా అన్నాను. సావుకారు అతన్ని పిలిపించి, అందరి ముందూ ఫోను లాక్కొని సొరుగులో పెట్టించాడు. ఆ అబ్బాయి ఏమీ అనకుండా తెర వైపు కాసేపు చూసి, "అన్నా, ఆ నంబర్లన్నీ మనవే కదా. చివర 21 ఉండేది కాటాది" అన్నాడు. అతని మానిటరు మీద ఆ అడ్రసు చీటీ అంటించింది నేనే. 144 వరుసల్లో బయటి అడ్రసు ఒక్కటీ లేదు. గుమాస్తాలు నవ్వారు, సావుకారు నవ్వలేదు. రీస్టార్ట్ చేసి ఇంటికి వచ్చేశాను.

వచ్చేముందు జాబితాను ఒక ఫైలులో దాచుకోవడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. రాత్రి దాన్ని అడ్రసులవారీగా విడదీస్తే, ప్రోగ్రామే తెరుచుకోని కాటా కంప్యూటర్ పేరిట 16 కనెక్షన్లున్నాయి. అక్కడ ముడి వీడింది. "ఎస్టాబ్లిష్డ్" అంటే అవతలివాడు ఇప్పుడు బతికి ఉన్నాడని కాదు, ఒకప్పుడు చేయి కలిపాడు, ఇంకా సెలవు చెప్పలేదు అని మాత్రమే. ప్రోగ్రామును మూసినా, కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపినా ఆ సెలవు సందేశం వెళుతుంది. కరెంటు పోతే వెళ్లదు. ఆ ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా ఎనిమిదేసి కనెక్షన్లు పడుతుంది (ఎందుకని అమ్మినవారిని అడిగితే "డిజైనే అంత" అన్నారు). తొమ్మిదింటికి 72. కరెంటు ఒకసారి పోయి వస్తే బ్యాటరీ లేని ఐదింటివల్ల 40 చచ్చిన కనెక్షన్లు శవాల్లా మిగిలి 112; రెండోసారికి 152. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒప్పుకునే గరిష్ఠం 151. అన్నిటికంటే ఆలస్యంగా లేచే కాటా కంప్యూటర్‌కే ఆ చివరి ఒక్కటీ దక్కేది కాదు. ఎనిమిదిలో ఒక్కటి తగ్గినా ప్రోగ్రాము తెరుచుకోదు; అందుకే జాబితాలో 152కు ఎనిమిది తక్కువగా 144.

ఈ శవాలను లైనక్స్ ఎప్పటికి గుర్తిస్తుందన్నది తరువాతి ప్రశ్న. ఎస్‌ఎస్‌కు ఇంగ్లిషు "o" అక్షరం జతచేస్తే ప్రతి వరుస చివరా కీప్‌అలైవ్ గడియారం (అవతలివాడు ఇంకా ఉన్నాడా అని పలకరించే సమయం) కనిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న కనెక్షన్‌ను 7200 సెకన్ల తరువాత మొదటిసారి పలకరించి, బదులు రాకపోతే 75 సెకన్లకొకసారి తొమ్మిది సార్లు చూసి వదిలేయడం దాని మామూలు పద్ధతి, అంటే రెండు గంటలకు పైమాటే. ఆ రెండు గంటల గడువు ఈనాటిది కాదు. 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రమే, ఎవరూ మార్చకుండా ఉన్నప్పుడు మామూలు గడువు అంతకంటే తక్కువ ఉండకూడదని రాసింది. ఆ రాసినవారికి మన కరెంటు సంగతి తెలియదు.

మర్నాడు సావుకారును సర్వర్ ముందు కూర్చోబెట్టి, కాటా కంప్యూటర్ ప్లగ్గు పీకించాను. చీకటి పడిన ఆ కంప్యూటర్ పేరిట ఎనిమిది వరుసలూ చెక్కుచెదరలేదు. ప్లగ్గు పెట్టి, ప్రోగ్రాము తెరిచి, ఈసారి మామూలుగా మూయించాను; కొత్త ఎనిమిదీ క్షణంలో మాయమై పాతవే మిగిలాయి. హైదరాబాదు నుంచి కొత్త సర్వర్ తెప్పించమని చెప్పినవారు కూడా ఉన్నారు; వారు ఈ అయిదు నిమిషాల పని ఎందుకు చేయలేదో వారే చెప్పాలి.

మందు చిన్నదే. కీప్‌అలైవ్ గడువును 300 సెకన్లకు, మధ్య విరామాన్ని 30కి, ప్రయత్నాలను 5కు తగ్గించి, రీస్టార్ట్ చేసినా నిలిచేలా సిస్‌కంట్రోల్ ఫైలులో (లైనక్స్ సెట్టింగులు దాచే ఫైలు) రాశాను. తిరిగి లేచిన కంప్యూటర్‌ను సర్వర్ పాత కనెక్షన్ గురించి అడిగితే, అది నాకు తెలియదని చెప్పేస్తుంది, వరుస చెరిగిపోతుంది. గరిష్ఠాన్ని 500 చేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు; అది శవాలకు గదులు కట్టించడమే కాబట్టి చేయలేదు.

నిన్న గంటలోపే కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ సంఖ్య 112కు ఎగబాకి, కాసేపటికి 72కు దిగింది, కాటా ఆగలేదు. సావుకారు ఒక్క బ్యాటరీకి డబ్బులిచ్చాడు, కాటా గదికి. దాన్ని బిగిస్తూ ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాను. అతను సొరుగులోంచి వచ్చిన ఫోను నా ముందుకు చాచి, "సరేలే అన్నా, కొత్త పాస్‌వర్డ్ చెప్పు" అన్నాడు.