చిమ్నీలో ఉన్న అమోనియా మీటర్ దాకా రాలేదు: నా అనుభవం

బూడిద తొట్టి దగ్గర పనిచేసే ఆపరేటర్ వచ్చి అడిగిన ఒక్క ప్రశ్నతో ఇదంతా మొదలైంది. "సార్, బూడిద మీద నీళ్లు చల్లితే చాలు, కళ్లు మండిపోతున్నాయి. మూతికి గుడ్డ కట్టుకోకుండా నిలబడలేకపోతున్నాం. మీ స్క్రీన్ మీద మాత్రం అమోనియా లేదనే ఉంటోంది. ఇదెలా సార్?"

నా దగ్గర జవాబు లేదు. చిమ్నీ నుంచి ఏ వాయువు ఎంత పోతోందో చూసుకోవడమే నా పని. ఆ రోజు స్క్రీన్ మీద ఉన్న అమోనియా 0.4 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో అర భాగం కూడా లేదు. అంతకు ముందు వారాల్లోనూ సగటున దాదాపు అంతే. ఆ అంకెను నమ్మి నేను నెలల తరబడి రిపోర్టుల మీద సంతకం పెట్టాను.

మా బాయిలర్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణాన్ని నేరుగా కొలిమిలోకి చిమ్ముతాం. దీన్ని ఎస్ఎన్‌సీఆర్ అంటారు. సుమారు 850 నుంచి 1100 డిగ్రీల మధ్య, యూరియా నుంచి పుట్టిన అమోనియా నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుతుంది. వేడి చాలని చోట చిమ్మినా, అవసరాన్ని మించి చిమ్మినా కొంత అమోనియా పని చేయకుండానే మిగిలిపోయి పొగతో పాటు బయటికొస్తుంది. దాన్నే స్లిప్ అంటాం. అందులో కొంత బూడిదకు పట్టుకుంటుంది. మా బూడిదకు క్షారగుణం ఎక్కువ, నీళ్లు తగలగానే ఆ అమోనియా మళ్లీ గాలిలోకి లేస్తుంది. అంటే ఆపరేటర్ ముక్కు చెబుతున్నది నిజం. మరి అబద్ధం చెబుతున్నది ఏది?

ముందు అనుమానం ఎనలైజర్ మీదికే, అంటే గ్యాస్‌ను కొలిచే యంత్రం మీదికే పోయింది. మాది ఎఫ్‌టీఐఆర్ రకం, పరారుణ కాంతి సాయంతో వాయువులను కొలుస్తుంది. గ్యాస్ నిండే దాని గది (సెల్) 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, గ్యాస్‌ను ఆరబెట్టకుండా వేడిగా, తేమతోనే కొలుస్తుంది. అమోనియాకు ఈ పద్ధతే సరైనది. నీళ్లంటే అమోనియాకు అంత ప్రీతి. శాంపిల్‌ను చల్లార్చి నీరు తీసేసే మామూలు కూలర్ పెడితే అమోనియా కూడా ఆ నీటితోనే డ్రెయిన్‌లోకి పోతుంది. సరిగ్గా 20 పీపీఎం అమోనియా ఉన్న గ్యాస్ సిలిండర్ తెచ్చి ఎనలైజర్ వెనక పోర్టుకు తగిలించాను. స్టెయిన్‌లెస్ స్టీల్ రెగ్యులేటరే వాడాను, ఇత్తడిని అమోనియా తినేస్తుంది కాబట్టి. కాసేపటికి 19.6 చూపించింది. ఎనలైజర్ బాగానే ఉంది.

నిజం చెప్పాలంటే అక్కడితో ఆగిపోయేవాణ్నే. ఎందుకంటే మా నెలవారీ చెకప్ కూడా అంతే, ఎనలైజర్ వెనక గ్యాస్ ఇచ్చి అంకె చూసుకోవడం. కానీ ఆపరేటర్ కళ్లు ఎర్రబడి ఉండటం నేను చూశాను. అందుకని మర్నాడు అదే సిలిండర్‌ను పైకెక్కించి, ప్రోబ్‌కు, అంటే చిమ్నీలోంచి పొగ లాగే గొట్టానికి, చిమ్నీ వైపున్న బాల్ వాల్వ్ మూసేసి, ఫిల్టర్‌కు ముందు గ్యాస్ ఇచ్చాం. పంపు లాగేదానికన్నా కాస్త ఎక్కువే వదిలాం, బయటి గాలి కలవకుండా. ఇప్పుడు ఆ గ్యాస్ కూడా చిమ్నీ పొగ నడిచే దారంతా నడిచి రావాలి.

కింద నేను గడియారం పట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలకు 3 పీపీఎం. పది నిమిషాలకు 5. ఇరవై ఐదు నిమిషాలు గడిచినా 9 దాటలేదు.

ప్రోబ్ నుంచి ఎనలైజర్ దాకా గ్యాస్‌ను వేడిగా తెచ్చే గొట్టాన్ని హీటెడ్ లైన్ అంటాం. మా లైన్ పొడవు 25 మీటర్లు, లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే లోపల పట్టేది 0.31 లీటరు. పంపు నిమిషానికి 3 లీటర్లు లాగుతుంది, 180 డిగ్రీల వేడికి వ్యాకోచించి అది దాదాపు 5 లీటర్లవుతుంది. అంటే గ్యాస్ పై నుంచి కిందికి నాలుగు సెకన్లలోపే చేరాలి. నాలుగు సెకన్ల దారిలో ఇరవై ఐదు నిమిషాలైనా సగం రాలేదంటే, మిగతాది దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది.

ఆ రాత్రి పాత ట్రెండ్‌లు (రీడింగుల గ్రాఫులు) తెరిచి కూర్చున్నాను. అంతకు ముందు ఎన్నోసార్లు చూసినవే. ఈసారి ఒకటి కంటపడింది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లో అమోనియా 2 పీపీఎం దాకా లేచేది, వాన పడిన రాత్రుల్లో సున్నాకు పడిపోయేది. బాయిలర్ లోడ్‌తో గానీ, యూరియా ప్రవాహంతో గానీ దానికి పొంతన లేదు. కొలిమిలో జరిగే పనికి బయట వాన పడితే ఏమిటి, ఎండ కాస్తే ఏమిటి? అంటే బయటి చలి తగులుతున్న చోటేదో శాంపిల్ దారిలో ఉంది.

ఎత్తు మీదకు మాతో పాటు సీనియర్ టెక్నీషియన్ ఒకాయన వచ్చారు. ప్రోబ్ పెట్టె తలుపు తీసి చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కంట్రోలర్ మీద 180, లైన్ కంట్రోలర్ మీదా 180. ఆయన మాత్రం చేతిలోని థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) తీసి అంగుళం అంగుళం చూసుకుంటూ వెళ్లారు. ఫిల్టర్ గది దగ్గర 178. దాని అవుట్‌లెట్ దగ్గర 150. ప్రోబ్ నుంచి లైన్ మొదలయ్యే కలయిక దగ్గర 70.

"ఇదిగో బాబూ, ఇక్కడ చూడు" అన్నారు.

ప్రోబ్ హీటర్ ఒక చోట అయిపోతోంది. లైన్ లోపలి హీటింగ్ తీగ ఇంకోచోట మొదలవుతోంది. మధ్యలో జానెడు స్టీల్ గొట్టం, దానికో నట్టు, ఏ హీటరూ లేకుండా. ఎప్పుడో దానికి చుట్టిన గ్లాస్ వూల్ జారిపోయి పెట్టె అడుగున ముద్దగా పడి ఉంది. రెండు కంట్రోలర్లూ వాటి థర్మోకపుల్ ఉన్నచోటి వేడినే చెబుతున్నాయి, ఈ జానెడు సంగతి ఎవరికీ పట్టలేదు.

పంపు ఆపి, చల్లారాక, నట్టు విప్పాం. గొట్టం లోపల గోడ చుట్టూ తెల్లటి పొర, నిమ్ముకున్న ఉప్పులాంటిది. వేలితో గీకితే పెళుసుగా రాలింది. మధ్యలో మిగిలిన రంధ్రం బాల్‌పెన్ రీఫిల్ అంత. ఆ పొడిని చిటికెడు గాజు గిన్నెలో వేసి, నీళ్లు కలిపి, రెండు చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేశాం. ఒక్కసారిగా ఘాటు ముక్కుకెక్కింది. నెలల తరబడి మేం స్క్రీన్ మీద చూడని అమోనియా అది.

నేను తప్పుగా అనుకున్నది ఇక్కడే. మా పొగలో తేమ 15 శాతం దాకా ఉంటుంది. అంత తేమకు నీరు కట్టేది 54 డిగ్రీల దగ్గర. 70 డిగ్రీలుంటే నీరు కట్టదు కదా అని ఎవరైనా అంటారు, నేనూ అనేవాణ్నే. కానీ అమోనియాకు నీరొక్కటే ప్రమాదం కాదు. మా ఇంధనంలో క్లోరిన్ ఉంది, అది పొగలో హైడ్రోజన్ క్లోరైడ్‌గా వస్తుంది. రెండూ పీపీఎంలలోనే ఉన్నా, 100 డిగ్రీల ప్రాంతానికి చల్లబడితే కలిసిపోయి అమ్మోనియం క్లోరైడ్‌గా గోడకు పేరుకుంటాయి. గంధకం ఉన్న ఇంధనమైతే ఇంకా చిక్కు. సల్ఫర్ ట్రైఆక్సైడ్‌తో కలిసి అమ్మోనియం బైసల్ఫేట్ అవుతుంది. దాని ద్రవీభవన స్థానం 147 డిగ్రీలు, అంటే వేడి గొట్టంలో అది జిగురు ద్రవంగా ఉండి బూడిదను అంటించుకుంటుంది. అలాంటి చోట్ల 180 కూడా చాలకపోవచ్చు. మా ఇంధనంలో గంధకం తక్కువ కాబట్టి 180 సరిపోతుందని తేల్చుకున్నాం, కాకపోతే ప్రతి అంగుళంలోనూ 180 ఉండాలి. పోనీ అని మరీ పెంచేయడం కూడా మంచిది కాదు. బాగా వేడెక్కిన లోహం మీద అమోనియా ఆక్సిజన్‌తో కలిసి విచ్ఛిన్నమయ్యే అవకాశం ఉంది.

బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. కలయికను ప్రోబ్ హీటర్ పెట్టె లోపలికే జరిపాం, లైన్ చివరను కూడా పెట్టె గోడ దాటించి లోపలికి తెచ్చాం. అక్కడ ఇంకో థర్మోకపుల్ పెట్టి, 170 కంటే తగ్గితే అలారం మోగేలా చేశాం. ఆ స్టీల్ ముక్కను తీసేసి పీఎఫ్ఏ అనే, టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ గొట్టం వేశాం. దానికి 260 డిగ్రీల దాకా ఢోకా లేదు, అమోనియా కూడా స్టీల్‌కు పట్టుకున్నంతగా దీనికి పట్టుకోదు.

ఫిల్టర్ విప్పినప్పుడు మరో రెండు విషయాలు బయటపడ్డాయి. దాని సీల్ రింగు నల్లగా గట్టిపడి, గోరు పెట్టి నొక్కితే పగిలింది. అది మామూలు ఫ్లోరో రబ్బరు. వేడికి ఓర్చుకుంటుంది గానీ వేడి అమోనియాకు తట్టుకోదు. పెర్‌ఫ్లోరో రబ్బరు రింగు వేశాం, ధర ఎక్కువే, అయినా ఆ చిన్న రింగు దగ్గర గాలి లోపలికి లాగితే మిగతా శ్రమంతా వృథా. రెండోది బ్లోబ్యాక్. ఫిల్టర్ మీది బూడిద దులపడానికి పావుగంటకోసారి వెనక నుంచి గాలి కొడతాం. ఆ గాలి చల్లగా వస్తోంది. కొట్టిన ప్రతిసారీ ఫిల్టర్ 30 డిగ్రీలు పడిపోయి, మళ్లీ ఎక్కేలోపు ట్రెండ్ మీద రంపం పళ్లలా గీతలు. గాలి దారికి చిన్న హీటర్ కాయిల్ పెట్టించాను. బ్లోబ్యాక్ మధ్య సమయాన్ని మాత్రం పెంచలేదు, ఎందుకంటే ఫిల్టర్ మీద పేరుకున్న బూడిద పొర కూడా అమోనియాను పీల్చుకుంటుంది.

అన్నీ బిగించాక లీకు చూసి, మళ్లీ పై నుంచి 20 పీపీఎం గ్యాస్ ఇచ్చాం. ఎవరూ మాట్లాడలేదు. ఒకటిన్నర నిమిషానికి 12. మూడు నిమిషాలకు 18 దాటింది. సిలిండర్ గ్యాస్ పొడిగా ఉంటుంది, పొడి గ్యాస్‌లో అమోనియా గోడకు ఇంకా ఎక్కువగా అతుక్కుంటుంది, అందుకే వేడి ఆవిరి కలిపి మరోసారి ఇచ్చాం. ఈసారి రెండు నిమిషాల్లోపే 18కి చేరి, 19.3 దగ్గర నిలబడింది.

బాల్ వాల్వ్ తెరిచి చిమ్నీ గ్యాస్ పెట్టాం. 14 పీపీఎం. ఒక్కో పీపీఎం 0.76 మిల్లీగ్రాములు కాబట్టి ఘనమీటరుకు దాదాపు పదకొండు మిల్లీగ్రాములు. నా గుండెలో రాయి పడింది, సంతోషమూ కలిగింది, రెండూ ఒకేసారి.

అయినా ఒక యంత్రం మాటను ఇంకో యంత్రంతో సరిచూడకుండా నమ్మదలచుకోలేదు. బయటి ల్యాబ్ వాళ్లను పిలిచి, అదే సమయంలో రసాయన పద్ధతిలో కొలిపించాం. ఐఎస్ఓ 21877 పద్ధతి అది. వేడి ప్రోబ్ ద్వారా లాగిన పొగను గాజు సీసాల్లోని పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలోంచి పంపి, అందులో చిక్కిన అమ్మోనియంను ల్యాబ్‌లో కొలుస్తారు. మూడు శాంపిళ్లు తీశారు. ఫలితాలు వచ్చేదాకా వారం రోజులు టెన్షనే. మూడూ మా మీటర్‌తో ఒక పీపీఎం తేడాలోనే ఉన్నాయి.

పాత రిపోర్టుల విషయం మేనేజర్‌కు ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఏ రోజు నుంచి అంకెలు నమ్మదగ్గవి కావో, ఎందుకో, ఆ తెల్లపొర ఫొటోతో సహా. అది రాయడం ఇబ్బందిగానే అనిపించింది, కానీ రాయకుండా ఉండటం నా వల్ల కాలేదు.

తర్వాతి పని బాయిలర్ వాళ్లది. మీటర్ నిజం చెప్పడం మొదలయ్యాక, పై వరుస నాజిల్స్ వేడి చాలని చోట చిమ్ముతున్నాయని వాళ్లకు తెలిసింది. తక్కువ లోడ్‌లో ఆ వరుస ఆపేసి కింది వరుసతోనే నడిపారు. యూరియా వాడకం తగ్గింది, స్లిప్ 4 పీపీఎం దగ్గరికి దిగింది, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరగలేదు.

ఇప్పుడు వారానికోసారి గ్యాస్‌ను పైన ప్రోబ్ దగ్గరే ఇస్తున్నాం. అంకెతో పాటు 18కి చేరడానికి పట్టిన సమయం కూడా పుస్తకంలో రాస్తున్నాం. ఆ సమయం మెల్లగా పెరుగుతుంటే ఎక్కడో పొర మొదలైందన్నమాట, అంకె తప్పడానికి చాలా ముందే అది తెలిసిపోతుంది. మొన్న రెండు నిమిషాలు కాస్తా మూడున్నర అయింది. పైకెక్కి చూస్తే బ్లోబ్యాక్ కాయిల్ ఫ్యూజు పోయి ఉంది. మార్చి దిగాం. దిగేటప్పుడు బూడిద తొట్టి మీదుగా వచ్చాను. నీళ్లు చల్లుతున్నారు. ఆపరేటర్ మూతికి గుడ్డ లేదు.