వేడికి ఆగిపోయే కంప్యూటర్, ఫార్మాట్ కొట్టే షాపు

నిన్న రాత్రి నుంచి నా కంప్యూటర్ ఆగకుండా నడుస్తోంది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను, భాష కాస్త అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

నాది ఖమ్మంలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్ బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు. మెషీనులో ప్రాసెసర్ ఐ5-4460, 8 జీబీ ర్యామ్, తర్వాత వేయించుకున్న ఎస్‌ఎస్‌డీ. పాతదే, కాదనను. కానీ కోరల్ డ్రాకీ, పేజ్‌మేకర్‌కీ, తెలుగు టైపింగుకి వాడే అను ఫాంట్లకీ అంతకు మించి అక్కర్లేదు. ఎండలు ముదిరాక మొదలైంది గొడవ. పెద్ద ఫ్లెక్సీ ఫైలు ఎక్స్‌పోర్ట్ పెడితే సగంలో టప్పున ఆగిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, మెసేజ్ లేదు. వెంటనే స్విచ్ నొక్కితే విండోస్ గుర్తు వచ్చేలోపే మళ్లీ ఆగేది, టీ తాగొచ్చి నొక్కితే ఏమీ ఎరగనట్టు ఆన్ అయ్యేది.

కరెంటు ప్రాబ్లమ్, స్టెబిలైజర్ పెట్టు అన్నారు అందరూ. కాదని నాకు తెలిసిపోయింది. సీపీయూ, మానిటర్ రెండూ ఒకే యూపీఎస్ మీదున్నాయి, సీపీయూ ఆగినా మానిటర్ వెలుగుతూ నో సిగ్నల్ అని చూపిస్తోంది. యూపీఎస్ వల్లయితే రెండూ పోవాలిగా. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా వరసపెట్టి ఉంటుంది, దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని పరిగెత్తకండి. మెషీను సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే దాని పని, ఎందుకు ఆగిందో చెప్పదు. నడుస్తుండగా ప్లగ్గు పీకినా అదే పడుతుంది.

ఇక్కడితో ఆగి నేనే విప్పి చూసుకుంటే సరిపోయేది, కానీ ముహూర్తాల సీజన్, చేతిలో పత్రికలు కుప్పగా ఉన్నాయి, తెలిసినవాళ్లు చేస్తే త్వరగా అవుతుందని స్కూటీ మీద కాళ్ల మధ్య సీపీయూ పెట్టుకుని ఊళ్లోనే ఒక సర్వీస్ షాపుకి పోయాను. పేరు రాయను, రాయాలని మాత్రం చాలా ఉంది.

కౌంటర్ దగ్గరున్న ఓనరు ముందు నన్ను చూశాడు, తర్వాత సీపీయూని. క్యాబినెట్ మీద వేలితో గీసి, ఆ దుమ్ము వేలిని పక్కనున్న కాలేజీ పిల్లలకు చూపించి, "దీన్ని మ్యూజియంలో పెట్టాలి అంకుల్" అన్నాడు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, పని కావాలి కదా. వేడెక్కి ఆగుతోందేమో, ఒకసారి ఫ్యాను చూడండి బాబూ అన్నాను. "మీరు డీటీపీ చేస్తారు, మేం హార్డ్‌వేర్ చేస్తాం" అన్నాడు. సరే, నోరు మూసుకున్నాను. ఏసీ గదిలో టేబుల్ మీద పెట్టి, పక్క డోరు తీసేసి, ఆన్ చేసి వదిలేశారు. ఒక్క ఫైలు తెరవలేదు, వాల్‌పేపర్ చూస్తూ కూర్చున్నారు. అలా పెడితే ఎందుకాగుతుంది? నా షాపులో రేకుల కప్పు కింద, బయట 43 డిగ్రీల ఎండలో, ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే కదా ఆగేది! ఆ మాటే చెబితే వినిపించుకోలేదు. "స్లోగా ఉంది సార్, వైరస్. ఫార్మాట్ కొడదాం." స్లో అయిన మాట నిజమే, ఎందుకో తర్వాత చెప్తాను.

సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి 600 తీసుకున్నారు. ఆ రాత్రంతా అను స్క్రిప్ట్ మేనేజర్, కోరల్, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చున్నాను. పాత ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఉండబట్టి బతికాను, డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లు కాపీ చేసి పెట్టండని చెప్పి మరీ ఇచ్చినా ఒక పెళ్లి పత్రిక ప్రూఫు మాత్రం గంగలో కలిసింది. తెల్లారి ఎక్స్‌పోర్ట్ పెట్టానో లేదో, టప్.

మళ్లీ పోయాను. ఈసారి డోరు కూడా విప్పలేదు మహానుభావుడు. "అయితే మదర్‌బోర్డే. ఈ మోడల్‌కి కొత్త బోర్డులు దొరకవు, సెకండ్‌హ్యాండ్ వేయాలి, దానికి పెట్టే డబ్బుతో కొత్త సిస్టమే తీసుకోండి, ఈఎంఐ ఉంది" అని పాంప్లెట్ తీసి నా ముందు పెట్టాడు (అది నేను డిజైన్ చేసింది కాదు, అక్షరాల మధ్య గ్యాప్ చూస్తేనే తెలుస్తుంది). ఒక్కసారి ఫ్యాను ఊడదీసి చూడండి, చాలు అన్నాను. లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు: "రేయ్, అంకుల్‌కి స్క్రూడ్రైవర్ ఇయ్యిరా, ఆయనే చేసుకుంటాడంట!"

షాపు నిండా జనం. నా దగ్గర విజిటింగ్ కార్డులు కొట్టించుకునే ఎరువుల కొట్టాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆ కుర్రాడు నిజంగానే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు, పాపం వాడి తప్పేం లేదు, ఇవ్వాలో వద్దో తెలియక నా మొహం చూస్తూ నిలబడ్డాడు. చెవులు వేడెక్కిపోయాయి నాకు. సీపీయూ ఎత్తుకోబోతే చెకింగ్ చార్జి 300 అన్నారు. ఏం చెక్ చేశారని అడగలేదు, ఇచ్చాను. బిల్లు రాయండి అంటే, "బిల్లంటే జీఎస్టీ పడుద్ది అంకుల్" అన్నాడు. ఊళ్లో సగం కొట్లకి బిల్ బుక్కులు కొట్టి ఇచ్చేవాడిని నేను, నాకు బిల్లు లేదంట!

నా దగ్గరికి పత్రిక కోసం వచ్చే రైతుకి ఫాంట్ల గురించి తెలియదు. అక్షరం కొంచెం లావుగా పెట్టు తమ్మీ అంటాడు. పెడతాను. అంతేగాని పక్కవాళ్లని పిలిచి నవ్వించను. పని రావడం వేరు, మనిషితో మాట్లాడటం వేరు, రెండోది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పరు.

ఇంటికొచ్చి ప్రాసెసర్ వేడి ఎన్ని డిగ్రీలుందో చూపించే కోర్ టెంప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేశాను. మొదటి రోజే వేయాల్సింది ఇదే, మీరైతే ముందు ఇది వేయండి. ఏ పనీ లేకుండానే 70 పైన చూపిస్తోంది. ఎక్స్‌పోర్ట్ పెట్టగానే 90, 97, 99... ఈ ప్రాసెసర్‌కి హద్దు 100. దాని దగ్గరికి రాగానే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది (వైరస్ అన్నారే, అదన్నమాట). అప్పటికీ వేడి ఆగకపోతే కాలిపోకుండా మొత్తం కట్ చేసేస్తుంది.

టప్పున ఆగగానే ప్లగ్గు పీకి, ఫ్యాను కిందుండి ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ మీద వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది. కింద ప్రాసెసర్ వంద దగ్గర ఉడుకుతుంటే దాని మీద కూర్చున్న అల్యూమినియం దిమ్మె చురుక్కుమనాలి కదా. అంటే ఆ రెండూ అంటుకోవడం లేదు! టార్చి వేసి చూస్తే ఫ్యానుని బోర్డుకి బిగించే నాలుగు పిన్నుల్లో ర్యామ్ వైపుది రూపాయి బిళ్ల మందం పైకి లేచి ఉంది. సంక్రాంతి తర్వాత షాపు మారినప్పుడు ట్రాలీ ఆటోలో ఊగుతూ వచ్చింది, అక్కడే లేచి ఉంటుంది. చలికాలం ఎలాగో లాగించేసింది. మదర్‌బోర్డు అంట, మదర్‌బోర్డు. ఇంజనీరింగ్ చదవని నేను ఒక వేలితో కనిపెట్టాను.

తర్వాతదంతా తేలిక. పిన్నుల మీద బాణం గుర్తుంటుంది, అటు తిప్పి పైకి లాగితే ఊడతాయి. లోపల ప్రాసెసర్ వేడిని హీట్ సింక్‌కి అందించే పాత పేస్టు గోడ సున్నంలా పెచ్చులు కట్టింది. సెల్ రిపేరు తమ్ముడి దగ్గర ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకం తెచ్చి బట్టతో తుడిచాను, కొత్త థర్మల్ పేస్టు ట్యూబు 150 పడింది, ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత పెడితే చాలు. ఫ్యాను కింద దుమ్ము మందంగా దుప్పటి ముక్కలా ఊడొచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. మళ్లీ బిగించేముందు పిన్నులు బాణానికి ఎదురు తిప్పి, ఎదురెదురు మూలలవి ఒకదాని తర్వాత ఒకటి టక్కుమనేదాకా నొక్కాలి. నేను బోర్డు బయటికి తీసి నొక్కాను, వెనక నాలుగు కాళ్లూ సమానంగా బయటికొచ్చాయో లేదో అప్పుడే కనబడుతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది, బయటి నుంచి గాలి కొట్టి వదిలేయండి.

ఇప్పుడు ఖాళీగా ఉంటే 46, అదే ఫ్లెక్సీ ఎక్స్‌పోర్ట్ పెడితే 74 దాటలేదు, ఏసీ లేని ఈ రేకుల కిందే. పోయిన ప్రూఫు మళ్లీ కూర్చుని చేశాను, పెళ్లివారు ఒప్పుకున్నారు. ఫ్యాను బేరింగ్ మాత్రం కొంచెం గర్రుమంటోంది, ఈ ముహూర్తాలు అయ్యాక సికింద్రాబాద్ పోయినప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మంచి కూలర్ ఒకటి తెచ్చుకుంటాను. ఖమ్మంలో మాత్రం కొనను.