విస్తరి వేశాక

మా అమ్మది అల్జీమర్స్ వ్యాధి అని విశాఖపట్నంలోని న్యూరాలజిస్టు తేల్చి చెప్పింది 2021లో. అప్పటికి ఆమెకు 74 ఏళ్లు. మతిమరుపునకు మేము మనసు సిద్ధపరచుకున్నాం గానీ, ఆ జబ్బు అన్నం దగ్గర కూడా పరీక్ష పెడుతుందని ఊహించలేదు. ఆమదాలవలసలోని మా ఇంట్లో వచ్చినవారందరికీ వండి వడ్డించిన మనిషి, కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండానే ‘నాను తినీసినాన్రా’ అని లేచిపోయేది. అది మొండితనమనుకుని నేను కసురుకున్న రోజులున్నాయి. రెండేళ్లలో 46 కిలోల మనిషి 37 కిలోలకు చిక్కిపోయింది.

2023 వర్షాకాలంలో ఒక రాత్రి, పడుకుని ఉన్న ఆమె తల కొంచెం ఎత్తి నీళ్లు పట్టాను. పొలమారింది. రెండు రోజుల్లో దగ్గు జ్వరమైంది, మూడో రోజు ఆయాసం మొదలైంది. శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రిలో 9 రోజులు ఉండవలసి వచ్చింది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల న్యుమోనియా వచ్చిందని, ఈ జబ్బు పెరిగేకొద్దీ మింగే క్రమం మీద మెదడుకు పట్టు తప్పుతుందని, అటువంటివారికి అన్నం ముద్ద కంటే పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదమని నాకు అక్కడే తెలిసింది.

ఒక వైద్యుడు పొట్టలోకి గొట్టం వేయిద్దామన్నారు. మరొక వైద్యురాలు, అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముదిరిన దశలో గొట్టం ఆయుష్షును పెంచదని, న్యుమోనియాను ఆపదని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని విడమరచి చెప్పారు. అమ్మ నోరు తెరిపించి చూసిందీ ఆవిడే. ఒళ్లు తగ్గడంతో వదులైన కట్టుడు పళ్లు చిగురును ఒరిసి పుండు చేశాయి. అంతకుముందు ఆరు నెలలపాటు ఒక క్లినిక్కులో ఆకలి టానిక్కులు రాశారే తప్ప నోట్లోకి టార్చి వేసి చూడలేదు; చూడమని అడగని తప్పు నాది కూడా. జ్ఞాపకశక్తి కోసం వాడుతున్న డోనెపెజిల్ కొందరిలో వికారం కలిగించి ఆకలిని చంపుతుందని చెప్పి, ఆవిడ మోతాదు తగ్గించారు.

ఇంటికి వచ్చాక, పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, మింగిన సంగతి చూసుకున్న తరువాతనే మరో చెంచా అందించడం, తిన్నాక అరగంట పడుకోనివ్వకపోవడం అలవాటు చేసుకున్నాం. ఆసుపత్రిలో చూపించినంత చిక్కదనంతో చోడి (రాగి) అంబలి కాచి, పలాస జీడిపప్పును మెత్తగా పొడి చేసి అందులో కలిపేవాళ్లం. సాయంత్రానికి ఆమెకు చికాకు పెరుగుతుంది కనుక, పెద్ద భోజనాన్ని పొద్దున ఎనిమిది గంటలకు మార్చాం. టీవీ కట్టేశాం. కూరలో తాలింపు మానేశాం, ఎందుకంటే ఆవాలను చీమలనుకుని ఏరడంలోనే ఆమెకు భోజనం వేళ గడిచిపోయేది.

అయినా పెరుగన్నం మాత్రం ముట్టేది కాదు. ఒకనాడు బంధువుల ఇంటి శుభకార్యంలో మిగిలిన అడ్డాకు విస్తళ్లు తెచ్చి, గిన్నెలు తోమే పని తప్పుతుందని నా భార్య అందులోనే వడ్డించింది. అమ్మ తనంతట తానే చెయ్యి పెట్టింది. మెరిసే స్టీలు కంచంలో తెల్లటి అన్నం ఆమెకు విడిగా కనబడటం లేదని, కళ్లు బాగున్నా మెదడు ఆ తేడాను పోల్చుకోలేదని తరువాత వైద్యురాలు చెప్పారు. అన్నాళ్లూ నేను కసురుకున్నది, అన్నమే కనబడని మనిషిని! చెయ్యి కదలని రోజున మొదటి ముద్ద కలిపి ఆమె వేళ్ల మధ్య ఉంచితే, మిగతా దారి ఆ చేతికే గుర్తుంటుంది.

ప్రతి నెలా ఒకటో తేదీన, వీధి చివరి బియ్యం కొట్టులోని కాటా మీద కుర్చీతో సహా కూర్చోబెట్టి, కుర్చీ బరువు తీసివేసి లెక్క రాసుకుంటున్నాం. ఏడాదికి 42 కిలోలకు వచ్చింది. జబ్బు తగ్గలేదు, నా పేరు ఆమెకు గుర్తు లేదు. కానీ న్యుమోనియా మళ్లీ రాలేదు.

విస్తరి వేయగానే ఇప్పటికీ ‘పెళ్లెవులిదమ్మా?’ అని నా భార్యను అడుగుతుంది. మొదట్లో పెళ్లేమీ లేదని నిజం చెబితే, పిలవని ఇంటికి వచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకునేది. ఇప్పుడు నా భార్య రోజుకొక బంధువు పేరు చెబుతుంది.