ఉప్పుగాలి ఇంటి మరమ్మతులు

పదవీ విరమణ తరువాత తీరిక దొరుకుతుందని అందరూ అన్నారు కానీ, ఆ తీరికలో సగం తాపీమేస్త్రి కోసం ఎదురుచూడటానికే పోతుందని ఎవరూ చెప్పలేదు. విశాఖలో ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి మరమ్మతులు వేసవిలో మొదలై, వానలు పడుతున్నా ఇంకా సాగుతూనే ఉన్నాయి.

సముద్రం దగ్గరి ఇళ్లకు అసలు శత్రువు ఉప్పుగాలి. అందులోని క్లోరైడ్లు తేమతోపాటు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి, లోపలి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, లోపలి నుంచి నెట్టి కప్పు పెచ్చులను ఊడదీస్తుంది. పైపైన సిమెంటు పూసి రంగు వేయడం సులువే. అయితే చెడిన కాంక్రీటును ఊచల వెనుక వరకు చెక్కి, తుప్పును తీగ బ్రష్షుతో గీకి, రక్షణ పూత వేసి, కొత్తగా పూసిన భాగం రోజుల తరబడి ఆరిపోకుండా తడపకపోతే ఆ పని నిలవదు. ఆ తడిపే ఉద్యోగం ఇప్పుడు నాది, జీతం లేదు, సెలవూ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు పగిలిన కిటికీల స్థానంలో అప్పట్లో హడావుడిగా బిగించిన ఇనుప చట్రాలు కూడా తుప్పు తినేసినట్లయ్యాయి. వాటి బదులు అల్యూమినియం పెట్టిస్తున్నాము. మా ఆవిడ వంట సామానంతా వరండాలోకి చేర్చి, పప్పులో సిమెంటు దుమ్ము పడకుండా కాపలా కాస్తోంది.

డాబాపై వాటర్‌ప్రూఫింగ్ మాత్రం వాన తెరిపి ఇచ్చాకే చేస్తానని మేస్త్రి అన్నాడు. అన్ని జాప్యాలలో ఈ ఒక్కటే నాకు న్యాయంగా తోచింది, తడి కప్పును ఆ పూత సరిగా పట్టుకోదు.