తెలుగు మాటలు లెక్కపెట్టడానికి ఏ స్క్రిప్టింగ్ భాష? నా అనుభవం

ఒకే పనిని బాష్, పెర్ల్, పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్‌లలో చేసి చూశాను. తెలుగు వికీపీడియా డంపులో (వ్యాసాలన్నీ కట్టగట్టి ఇచ్చే పెద్ద ఫైలు) ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చాలి. ఇంగ్లీషు పాఠంతో చేస్తే అయిదింటికీ పెద్ద తేడా కనబడదు. తెలుగు పెట్టగానే దేని లోపం దానికి బయటపడుతుంది.

ప్రతి లిపిలోని గుర్తులకూ అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు (కోడ్ పాయింట్లు) ఉన్నాయి: 3072 నుంచి 3199 వరకు, హెక్సాలో 0సీ00–0సీ7ఎఫ్. వాటిని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాట కంటికి 3 అక్షరాలు. గుణింతపు గుర్తులు విడిగా నిలుస్తాయి కనుక కోడ్ పాయింట్లు 6, బైట్లు 18. పొడవు అడిగితే 3 వస్తుందా, 6 వస్తుందా, 18 వస్తుందా అన్నది చూస్తే చాలు, ఆ పనిముట్టు తెలుగును ఎంతవరకు అర్థం చేసుకుందో తెలిసిపోతుంది.

బాష్‌లో ఇది ఒక్క వరుస. డంపును బీజెడ్‌క్యాట్‌తో విప్పి, వెతికే పనిముట్టు గ్రెప్‌కు పంపాలి. అది మాటలను వరుసకొకటిగా తీస్తుంది. ఆపైన సార్ట్ (పేర్చడానికి), యునీక్ (ఒకే మాటలను కలిపి లెక్కించడానికి), మళ్ళీ సార్ట్ (లెక్క ప్రకారం పేర్చడానికి). గ్రెప్‌కు చిన్న ‘ఓ’, పెద్ద ‘పీ’ ఆప్షన్లు ఇచ్చి, పై 128 స్థానాల పరిధిని చదరపు బ్రాకెట్లలో రాయాలి. ఇక్కడ లొకేల్ (ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ అని చెప్పే సెట్టింగు) సంగతి చూసుకోవాలి. వేగం కోసం మొత్తం పైపుకు (ఒకదాని ఫలితం ఇంకొకదానికి అందే ఈ కమాండ్ల వరుసకు) ‘సీ’ లొకేల్ పెడితే గ్రెప్ బైట్లనే చూస్తుంది, కోడ్ పాయింట్ విలువ మరీ పెద్దదని మొరాయిస్తుంది. గ్రెప్‌కు యూటీఎఫ్-8 లొకేల్, సార్ట్‌కు మాత్రం ‘సీ’ ఇవ్వాలి. యూటీఎఫ్-8 బైట్ల క్రమం కోడ్ పాయింట్ల క్రమమే కాబట్టి పేర్పు చెడదు.

సార్ట్‌కు మెమరీ చాలకపోతే తాత్కాలిక ఫైళ్ళు రాసుకుంటుంది, అందుకే పాత ల్యాప్‌టాప్‌లోనూ పని నడుస్తుంది. ఆ ఫైళ్ళు మామూలుగా టీఎంపీ ఫోల్డర్లో పడతాయి. అక్కడ చోటు తక్కువైతే పెద్ద ‘టీ’ ఆప్షన్‌తో వేరే డిస్కు చూపించాలి.

బాష్ బలం ఇంతవరకే. షరతులు, లెక్కలు పెరిగేకొద్దీ తంటాలు మొదలవుతాయి. పైపు తర్వాత వైల్ లూప్ పెట్టి అందులో కౌంటరు పెంచితే, లూప్ అయ్యాక కౌంటరు మళ్ళీ సున్నా. లూప్ వేరే సబ్‌షెల్‌లో, అంటే విడి ప్రాసెస్‌లో, నడవడమే కారణం. లోపం వస్తే ఆగిపోయే ఎర్రెగ్జిట్ మోడ్‌ను, పైపు మధ్యలోని లోపాన్నీ పట్టించుకునే పైప్‌ఫెయిల్‌తో కలిపి పెడితే, గ్రెప్‌కు ఒక్క మాటా దొరకనప్పుడు అది 1 తిరిగిస్తుంది, మొత్తం స్క్రిప్టు నోరు మెదపకుండా చచ్చిపోతుంది. మ్యాక్‌లో వచ్చే బాష్ ఇంకా 3.2 దగ్గరే ఉంది. 4.0లో వచ్చిన, మాటను బట్టి అంకె దాచుకునే అసోసియేటివ్ అర్రేలు అందులో లేవు. అక్కడి గ్రెప్‌కు పెద్ద ‘పీ’ కూడా లేదు. పాఠాన్ని వరుసవరుసగా చదివి లెక్కలు చేసే ఆక్‌లోనూ ఇలాంటి తేడానే: డెబియన్ లినక్స్‌లో మామూలుగా వచ్చే ఎంఆక్ ‘తెలుగు’ పొడవు 18 అంటుంది, యూటీఎఫ్-8 లొకేల్‌లో జీఆక్ 6 అంటుంది. టీఆర్‌తో తెలుగు అక్షరాలు మార్చబోవద్దు. జీఎన్‌యూ టీఆర్ బైట్లనే మారుస్తుంది, ఫైలు పాడవుతుంది.

పెర్ల్ నాకు బాగా నచ్చింది. దాని రెజెక్స్‌లో (వెతకడానికి రాసే నమూనా) ‘మాటలోని అక్షరం’ అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తెలుగు మాటను గుణింతాలతో సహా పట్టుకుంటుంది. 5.18 నుంచి ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో ఉండే కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (కోడ్ పాయింట్ 8204) కూడా మాటలో భాగంగానే చూస్తుంది. కాకపోతే వచ్చే పాఠం యూటీఎఫ్-8 అని ముందే చెప్పాలి. చెప్పకపోతే పొడవు 18 వస్తుంది, ఒక్క తెలుగు మాటా దొరకదు. కమాండు వరుసలో అయితే పెద్ద ‘సీ’, ‘ఎస్’, ‘డీ’ ఆప్షన్ సరిపోతుంది. దాన్నే స్క్రిప్టు మొదటి వరుసలో రాస్తే ఆలస్యమైందని తిట్టి ఆగిపోతుంది. స్క్రిప్టులో ‘యూజ్ ఓపెన్’ ప్రాగ్మా (పెర్ల్‌కు ముందే ఇచ్చే సూచన) వాడాలి. లోపలికి డీకోడ్ చేసి బయటికి ఎన్‌కోడ్ చేయకపోతే ‘వైడ్ క్యారెక్టర్’ హెచ్చరికలు వరదలా వస్తాయి. ఇక లోపమంటారా, చదవడం. ఆరు నెలలకు తిరిగి తెరిస్తే రాసినవాడికే అర్థం కాని కోడ్ పెర్ల్‌లో తేలిగ్గా తయారవుతుంది.

పైథాన్‌లో కోడ్ చూడగానే అర్థమవుతుంది. కౌంటర్ క్లాసు ఉంది, ‘మోస్ట్ కామన్’ అడిగితే జాబితా సిద్ధం. అయితే తోడుగా వచ్చే రీ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుణింతపు గుర్తులను మాటలో లెక్కవేయదు. ‘తెలుగు’ను త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. జాబితా అంతా ఒంటి హల్లులతో నిండితే కారణం ఇదే. బయటి రెజెక్స్ మాడ్యూల్ వేసుకోవచ్చు. కానీ డెబియన్ 12లో నేరుగా పిప్ ఇన్‌స్టాల్ అంటే ఒప్పుకోదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ పనికే విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డరు) కట్టాలి. ఇంత చిన్న పనికి అది దండగ. పరిధిని చేత్తో రాసి, 8204ను కలిపితే రీ చాలు. విండోస్‌లో ఓపెన్‌కు ఎన్‌కోడింగ్ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే సిస్టమ్ కోడ్‌పేజీతో చదివి తెలుగును గజిబిజి చేస్తుంది. నోట్‌ప్యాడ్ నుంచి వచ్చిన ఫైలైతే ‘యూటీఎఫ్-8-సిగ్’ ఇవ్వండి, మొదటి మాటకు బామ్ (ఫైలు మొదట ఉండే కనిపించని గుర్తు) అంటుకోదు.

రూబీలో, జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే, కాబట్టి జాబితాలో తెలుగు కనబడదు. రూబీలో ‘వర్డ్’ అనే పోసిక్స్ క్లాసు ఈ పని చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ‘యూ’ ఫ్లాగు పెట్టి అక్షరాలు, మార్కులు రెండు ప్రాపర్టీలూ కలపాలి. అక్షరాలు మాత్రమే పెడితే పైథాన్ కథే. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపే నోడ్‌లో ఇంకో రెండు జాగ్రత్తలు. ఫైలు ముక్కలను ఒక్కోటిగా స్ట్రింగ్ చేస్తే 3 బైట్ల అక్షరం సరిహద్దులో తెగి ప్రశ్నార్థకపు డైమండ్లు వస్తాయి, రీడ్‌లైన్ వాడితే రావు. లెక్కకు మామూలు ఆబ్జెక్టు బదులు మ్యాప్ వాడండి. ఇంగ్లీషు మాటలు కూడా లెక్కపెడుతుంటే ‘కన్‌స్ట్రక్టర్’ అనే మాట దగ్గర అంకెకు బదులు ఫంక్షన్ పాఠం వచ్చి కూర్చుంటుంది.

ఏ భాషలో చేసినా లెక్కకు ముందు పాఠాన్ని ఎన్ఎఫ్‌సీకి (ఒకేలా కనబడేవాటికి ఒకే రూపం ఇచ్చే యూనికోడ్ పద్ధతి) మార్చాలి. ‘ై’ ఒకే కోడ్ పాయింటుగానూ, రెండుగానూ రావచ్చు, అప్పుడు చూపుకు ఒకటే అయిన మాట రెండు పద్దుల్లో పడుతుంది. మిగతా నాలుగింటిలో దీనికి సదుపాయం తోడుగానే వస్తుంది, బాష్‌కు మాత్రం ఐసీయూ (యూనికోడ్ లైబ్రరీ) వాళ్ళ యూకాన్వ్ తెచ్చుకోవాలి. డంపులో వ్యాసాల అడుగున ఉండే ‘వర్గం’ లింకులను ముందే తీసేయండి, లేకపోతే ఆ మాట అన్యాయంగా పైకి తేలుతుంది.

ఒక్కసారి చూసి వదిలేసే లెక్కకు పెర్ల్ వాడుతున్నాను. ఇంకొకరి చేతికి ఇవ్వాల్సినదైతే పైథాన్. గళ్ళనుడికట్టు కోసం అక్షరాలు లెక్కపెట్టాల్సి వస్తే మాత్రం భాష పేరు కంటే అందులోని యూనికోడ్ డేటా వెర్షన్ చూడాలి. 2023లో వచ్చిన 15.1కు ముందు నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు గ్రాఫీమ్ క్లస్టర్లు (ఒక్క అక్షరంగా లెక్కించే ముక్కలు), ఆ తర్వాత ఒక్కటే. మీ పెర్ల్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో, రూబీలో గ్రాఫీమ్ క్లస్టర్స్ మెథడ్‌తో, నోడ్‌లో ఇంటల్ సెగ్మెంటర్‌తో ఈ మాటను ఒకసారి విడదీయండి. 3 వస్తే ఒత్తుల ముందు పొల్లు దగ్గర కలిపే కోడ్ మీరే రాసుకోవాలి.