మధ్యగతం సూత్రంలో దాగిన త్రైరాశికం

పదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు మొన్న సాంఖ్యక శాస్త్రం లెక్కొకటి తెచ్చి, మధ్యగతం (క్రమంలో పేర్చిన రాశుల నడిమి విలువ) సూత్రంలో వేయవలసిన సంచిత పౌనఃపున్యం (ఒక తరగతి ముగిసేదాకా కూడుకుంటూ వచ్చిన లెక్క) మధ్యగత తరగతిదా, దాని ముందు తరగతిదా అని అడిగింది. ముందు తరగతిదని ఒక్క మాటలో చెప్పవచ్చు కానీ, కారణం తెలియకపోతే అదే సందేహం పరీక్ష గదిలో మళ్లీ తలెత్తుతుంది. అందుకని సూత్రాన్ని పక్కన పెట్టి, 50 మామిడికాయల బరువులు ఊహించి ఒక పట్టిక వేశాను.

200–249 గ్రాముల తరగతిలో 6 కాయలు, 250–299లో 11, 300–349లో 20, 350–399లో 8, 400–449లో 5. వరుసగా కూడుకుంటూ పోతే సంచిత పౌనఃపున్యాలు 6, 17, 37, 45, 50 అవుతాయి. మొత్తంలో సగం 25. రెండో తరగతి ముగిసేసరికి 17 కాయలే అయ్యాయి, మూడోది ముగిసేసరికి 37 అయ్యాయి కనుక మధ్యగత తరగతి 300–349.

ఆ తరగతి గడప దగ్గరకు వచ్చేసరికే 17 కాయలు దాటి వచ్చాం, ఇంకా 8 కావాలి. లోపలి 20 కాయల విడివిడి బరువులు పట్టికలో లేవు కాబట్టి, అవి తరగతి పొడవునా సమంగా పరుచుకున్నాయని అనుకోవడం తప్ప మనకు దారి లేదు. సూత్రమంతా ఈ ఒక్క ఊహ మీదే నిలబడి ఉంది, నా దృష్టిలో పిల్లలకు మొట్టమొదట చెప్పవలసింది ఇదే. 20 కాయలు 50 గ్రాముల మేర ఉంటే 8 కాయలు ఎంత మేర ఉంటాయి? 20 గ్రాముల మేర. "అయితే ఇది త్రైరాశికమే కదా బాబాయ్!" అంది.

ఆ 20ని 300కు కలపబోతుంటే ఆపాను. 299కీ 300కీ నడుమ ఖాళీ ఉంది కనుక అసలు దిగువ హద్దు 299.5, ఎగువ హద్దు 349.5, తరగతి పొడవు 49 కాక 50 కావడం అందుకే. మధ్యగతం 319.5 గ్రాములు. పొరపాటున 25లోంచి 17కు బదులు మధ్యగత తరగతిదైన 37 తీసేస్తే 269.5 వస్తుంది, అది మధ్యగత తరగతికి బయట పడుతుంది కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

విడి రాశులు 50 ఉంటే 25వ, 26వ రాశుల సగటు తీసుకుంటాం కదా, ఇక్కడ 25తోనే ఎందుకు ఆగామని ఆమె అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. వర్గీకరించాక విడి కాయలు మన చేతిలో ఉండవు. తరగతికో దీర్ఘచతురస్రం చొప్పున పక్కపక్కనే గీసే సోపాన చిత్రంలోని వైశాల్యాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే నిలువు గీత ఎక్కడ పడుతుందో వెతుకుతున్నాం, అందుకు మొత్తంలో సగమే కావాలి.

చివరగా ఆఖరి తరగతిని కొట్టివేసి "400 గ్రాములు, ఆపైన" అని రాసి ఇచ్చాను. ఆ తరగతికి మధ్య విలువ ఊహిస్తే తప్ప అంకమధ్యమం, అంటే సగటు, కట్టలేకపోయింది. మధ్యగతం మాత్రం మళ్లీ 319.5 గ్రాములే వచ్చింది.