పంచాంగం చేతబట్టుకొని పెళ్లికి దీవిని వెతికిన వైనం

మా అమ్మాయి పెళ్లిని ముప్పై నాలుగు మంది సమక్షంలో, ఏదైనా ఒక దీవిలో, సముద్రం పక్కన చేయాలని ఇంట్లో తీర్మానమైన నాటికి మాకు తెలిసిన దీవి నాగార్జునకొండ ఒక్కటే. సాగర్ జలాశయం మధ్యలో మిగిలిన ఆ కొండకు లాంచీలో వెళ్లి మ్యూజియం చూసి రావడం మిర్యాలగూడ పిల్లలందరికీ బడి విహారయాత్ర. ఎనభై ఒకటో ఏట ఉన్న మా అమ్మ కూడా అదే అన్నది: “లాంచీ ఎక్కి కొండకు పోతే సరిపాయె గద బిడ్డా, గంత దూరం ఎందుకు?” పురావస్తు శాఖ ఆధీనంలోని చోట పందిరి వేయనివ్వరని ఆమెకు నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది.

మహబూబ్‌నగర్‌లోని మా వియ్యాలవారు మొదట బాలి అన్నారు, తర్వాత మాల్దీవులు అన్నారు. మా అమ్మకు గాని, వియ్యంకుని పెద్దన్నకు గాని పాస్‌పోర్టు లేదు. ఉన్నవారిలో ఇద్దరి పత్రాల్లో ఇంటిపేరు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది. లక్షద్వీప్ మన దేశమే అయినా అక్కడికి వెళ్లడానికి ప్రతి ఒక్కరికీ అనుమతి పత్రం కావాలి. అండమాన్‌లో పర్యాటకులు సాధారణంగా వెళ్లే దీవులకు భారతీయులకు అటువంటి అనుమతి అక్కరలేదు. హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. అందుచేత దేశం విషయం తొందరగానే తేలింది. తేలనిదల్లా ఏ దీవి, ఏ తీరం అన్నది.

పేర్ల దగ్గరే మాకు మొదటి తికమక ఎదురైంది. హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. విమానం టికెట్టు మీద ఒక పేరు, పడవ టికెట్టు మీద మరొక పేరు కనిపిస్తే పెద్దవాళ్లు కంగారుపడతారని రెండేసి పేర్లతో ఒక కాగితం రాసి అందరికీ పంచాను. హేవ్‌లాక్‌లో తీరాలకు అంకెలతోనూ వ్యవహారం ఉంది. అందరూ పొగిడే రాధానగర్ ఏడో నంబరు, విజయనగర్ ఐదో నంబరు. విజయనగర్ అనగానే మా అమ్మకు మన విజయనగరమే గుర్తొచ్చి, అక్కడ తెలుగువాళ్లే ఉంటారని ధైర్యం తెచ్చుకున్నది. నిజానికి ఆ దీవిలో ఎక్కువ మంది బెంగాలీలు. తెలుగువారు పోర్ట్ బ్లెయిర్‌లో కనిపిస్తారు.

ఫోటోలు చూసి చోటు ఎంచుకోవడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఏ విడిది గృహం వారు పంపినా సూర్యాస్తమయం ఫోటోలే పంపారు. మా పెళ్లి మాత్రం పొద్దున, మాఘ శుద్ధ దశమి నాడు మేష లగ్నంలో, అంటే తూర్పు దిక్కున మేషరాశి ఉదయించే వేళలో, పది గంటల నలభై రెండు నిమిషాలకు. ఆ గడియలో ఆ చోటు ఎలా ఉంటుందో చూపే ఫోటో ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు ముహూర్తంలోనే ఉందని నాకు తట్టడానికి కారణం నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి ఉండటమే. మిర్యాలగూడ దాదాపు 79న్నర డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, హేవ్‌లాక్ 93 మీద ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, గడియారం రెండు చోట్లా ఒకటే అయినా, మనకంటే అక్కడ సూర్యుడు, దానితో పాటు లగ్నమూ సుమారు 54 నిమిషాలు ముందే ఉదయిస్తాయి. తిథి, నక్షత్రం ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే గాని లగ్నం అలా కాదు. మన పంచాంగంలోని పది నలభై రెండునే పట్టుకొని కూర్చుంటే అక్కడ మేష లగ్నం దాదాపు ముగింపుకు వచ్చేస్తుంది. ఈ సంగతి పెళ్లి జరిపించే మా అయ్యగారితో చెప్పడానికి మొదట జంకాను. ఆయన మాత్రం నొచ్చుకోకుండా, అమెరికా సంబంధాలకు ఇలా లెక్క కట్టడం తనకు అలవాటేనని చెప్పి, అక్కడి అక్షాంశం కూడా అడిగి తీసుకొని, ముహూర్తాన్ని తొమ్మిది గంటల యాభై నిమిషాలకు స్థిరపరిచారు.

కార్తీక పౌర్ణమి రోజుల్లో నేనూ మా ఆవిడా చోటు చూడటానికి బయలుదేరాము. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు పడవలో గంటన్నర పైన పట్టింది. సముద్రం ఎగిరెగిరి పడుతుండగా మా ఆవిడ కళ్లు మూసుకొని యాదగిరి నరసింహస్వామిని తలచుకుంటూ కూర్చుంది. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారని అక్కడ తెలిసింది. పెళ్లివారందరూ రెండు రోజులు ముందే దీవికి చేరాలన్న నియమం ఆ పడవలోనే పెట్టుకున్నాము.

మేము ముందుగా మాట్లాడుకున్న విడిది తూర్పు తీరంలో ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లి చూస్తే ఫోటోలో ఉన్న నీలి నీళ్లు లేవు. సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, నల్లరాళ్లు, చచ్చిన పగడపు దిబ్బలు, బురద ఇసుక, వాటి మధ్య ఒరిగి నిలబడిన రెండు పడవలు కనిపించాయి. మా ఆవిడ “ఇది ఎండాకాలంలో మూసీ తీరుగ ఉన్నది” అన్నది. విడిది మేనేజరు నొచ్చుకొని, పొద్దున రండి అన్నాడు. పొద్దున పది గంటలకు వెళితే నీళ్లు గోడ దాకా వచ్చి, ఫోటో ఫోటోలాగే ఉంది.

ఆ తేడా చూశాకే నాకు పంచాంగం మరోసారి అక్కరకు వచ్చింది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణమే కదా, ఆటుపోట్లను నడిపేదీ అదే. పౌర్ణమికి, అమావాస్యకు ఇద్దరి ఆకర్షణ ఒకే వరుసలోకి వచ్చి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమికి ఇద్దరూ లంబకోణంలో ఉంటారు కాబట్టి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు నీటి మట్టంలో తేడా అతి తక్కువగా ఉంటుంది. మేము చూసింది పౌర్ణమి, మా ముహూర్తం దశమి. పెళ్లి నాడు నీళ్లు గోడ దాకా రావు, రాళ్లు బయటపడేంతగా వెనక్కి పోవు. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలో పోర్ట్ బ్లెయిర్‌కు ఇచ్చిన అంకెలతో సరిచూసుకున్నాక గాని నా మనసు కుదుటపడలేదు.

రాధానగర్ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పడమటి తీరంలో తెల్లని ఇసుక, దాని వెనుక ఆకాశాన్ని తాకే సీ మహువా చెట్లు, మన ఇప్పచెట్టు కుటుంబానికి చెందినవే. అడవి తూర్పున ఉన్నందువల్ల పొద్దున పది దాకా ఇసుక మీద చల్లని నీడ పడుతుంది. పైగా వధూవరులు తూర్పు ముఖంగా కూర్చుంటే వారి వెనుక సముద్రం ఉంటుంది, ఫోటోలకు అంతకు మించింది లేదు. కాని అది శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు ఉన్న ప్రజా తీరం. అక్కడ పందిరి, హోమం అంటే అనుమతుల కోసం తిరగాలి, దొరికినా ఈత దుస్తుల్లో తిరిగే పర్యాటకుల మధ్య మా అమ్మాయి తలంబ్రాలు పోసుకోవాలి. దగ్గరలోని కొద్దిపాటి విడిదులు మా స్తోమతకు మించినవి. పైనుంచి ఆ ఇసుకలో పెద్దవాళ్లను కూర్చోబెట్టే చక్రాల కుర్చీ నాలుగడుగులు కూడా కదలదు.

షహీద్ ద్వీప్ చిన్నది, చదునైనది, ప్రశాంతమైనది. అక్కడి ఊళ్ల పేర్లు సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. సీతాపూర్ తీరం నాకు చాలా నచ్చింది. ఫోనులో పేరు చెప్పగానే మా అమ్మ “సీతమ్మ పేరున్న ఊళ్ల లగ్గమా? ఆ తల్లి పడ్డ కష్టాలు సాలవా?” అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అలా తిరిగి తిరిగి ఆ తూర్పు తీరపు విడిదికే వచ్చాము. అక్కడ కారు ఆగే చోటు నుంచి పందిరి దాకా గట్టి నేల ఉంది, ఆరోగ్య కేంద్రం దీవిలోనే ఉంది. చిక్కులు లేకపోలేదు. శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి, అంటే సముద్రం మీది నుంచి నేరుగా వస్తుంది కాబట్టి హోమం పొగ వధూవరుల ముఖానికే కొడుతుంది. ఆ వైపు కొబ్బరి మట్టల తడక కట్టించడానికి ఒప్పించాను. పందిరి చూపించిన చోట తల పైకెత్తితే గెలలు గెలలుగా కొబ్బరికాయలు కనిపించాయి. పెళ్లికి నాలుగు రోజుల ముందే వాటిని దింపించాలని ఒప్పందంలో రాయించాను. దీనికి మేనేజరు నవ్వాడు గాని, నవ్వవలసిన విషయం కాదు.

అసలు తర్జనభర్జన దిక్కు గురించి జరిగింది. తూర్పు తీరంలో వధూవరులు తూర్పు ముఖంగా కూర్చుంటే వారు సముద్రాన్ని చూస్తారు, ఫోటోలో మాత్రం వారి వెనుక గదుల గోడలు పడతాయి. పడమర ముఖంగా కూర్చోబెడితే ఏమని ఫోటోగ్రాఫర్ అడిగాడు, అయ్యగారు వినిపించుకోనట్టు ఊరుకున్నారు. చివరికి మా అమ్మాయే తేల్చింది: “ఫోటోల సముద్రం లేకుంటే ఏమైతది నాన్నా, నా కండ్ల ముందట ఉంటది గద.” బంధువులను ఉత్తర దక్షిణాలుగా రెండు వైపులా కూర్చోబెట్టి, గదుల వైపు మామిడాకుల తోరణాలు, అరటి బోదెలు నిండుగా కట్టించాము.

ఐరేని కుండలు బట్టల్లో చుట్టి మిర్యాలగూడ నుంచే తీసుకువెళ్లాము, ఒక్కటే పగిలింది. కర్పూరాన్ని, కుడుకలను మాత్రం త్వరగా అంటుకునే వస్తువులని విమానంలో ఒప్పుకోరు. వాటిని పోర్ట్ బ్లెయిర్ బజారులో ఒక తెలుగు కొట్టులో కొన్నాము.

దశమి నాడు తొమ్మిది యాభైకి జిలకర బెల్లం పెట్టే వేళ నీళ్లు గోడకు కొంత దూరంలో, రాళ్లను కప్పి నిలకడగా ఉన్నాయి. తడక పక్క సందులోంచి పొగ కొంచెం వచ్చింది, అయ్యగారు రెండుసార్లు దగ్గారు. సాయంత్రం అందరం రాధానగర్ వెళ్లాలనుకున్నాము. ఐదున్నరకే పొద్దు గుంకుతుందని మధ్యాహ్నం నుంచి చెబుతూనే ఉన్నాను. మహబూబ్‌నగర్‌లో ఆరు దాటాక గాని పొద్దు గుంకదు కాబట్టి నా మాట నమ్మని వియ్యంకుని తమ్ముళ్లిద్దరు చాయ్ తాగి, తాపీగా ఆరు గంటలకు దిగి, ఆ చీకట్లో సూర్యుడు ఏ వైపున ఉన్నాడని నన్నే అడిగారు.